నాయకత్వం మార్కులు

“జయమణిగారూ, ఆ పిల్ల ఏ ఇంటికెళ్తుందో గానీ వాళ్ళ పంట పండినట్టేనండీ! గోంగూర మాంసం అదరగొట్టేసింది,” అంటూ ప్రిన్సిపాల్ వెంకటరత్నం తిన్న ప్లేటులోనే చెయ్యి కడిగేసుకున్నాడు. మిగిలిన అన్నం చుట్టూ, చీకి పారేసిన ఎముకల చుట్టూ ఎర్రటి నీళ్ళు చేరాయి. అంతటితో ఆగాడా, పుక్కిలించి అందులోనే ఉమ్మాడు. చీ! జయమణి ముఖం తిప్పేసుకుంది.

ఆ పిల్ల పేరు యశస్విని. నందిగామలోని ఆ డిగ్రీ కాలేజీలో జయమణి హోమ్ సైన్స్ లెక్చరర్. ఈ ఏడు జీవన నైపుణ్యాలు, నాయకత్వం అనే కోర్సు ఆడపిల్లలకీ మగపిల్లలకీ కలిపి పెట్టారు. జయమణి ఎంత సంబరపడిందో, పిచ్చిది! క్లాసంతా పని పంచుకుని కాలేజీకి భోజనం పెట్టాలి, అదే ప్రాక్టికల్ అంది. యశస్వినిని లీడర్ని చేసింది. నాయకత్వంలో మొదటొచ్చినవాళ్ళు యూనివర్సిటీ శిబిరానికి వెళ్తారు. పెనుగంచిప్రోలు నుంచి రోజూ ఆటోలో వేలాడుతూ వచ్చే ఆ పిల్ల నెల రోజులుగా దానిమీదే ఆశ పెట్టుకుంది.

తీరా పొద్దున చూస్తే మగపిల్లలంతా హాల్లో బెలూన్లు కడుతున్నారు. “మగపిల్లల్ని పొయ్యి దగ్గర నిలబెడితే వాళ్ళ నాన్నలు నన్ను నిలబెట్టి కడిగేస్తారండీ. అటెండెన్స్ వేసెయ్యండి,” అన్నాడు ప్రిన్సిపాల్. ఇంకేముంది, ఉల్లిపాయలు కోసిందీ, బిందెలు మోసిందీ ఆడపిల్లలే. గంజి వారుస్తూ యశస్విని మణికట్టు కాల్చుకుంది. అక్కడ హాల్లో అదే క్లాసు కుర్రాడు నవీన్‌బాబు మైకు పట్టుకుని నాయకత్వం గురించి దంచేశాడు. చప్పట్లే చప్పట్లు!

ఈ కంపు జయమణికి కొత్తదేం కాదు. జగ్గయ్యపేటలో ఇంటికి చేరేసరికి భర్త రత్నబాబు ప్లేటు కూడా ఇలాగే కుర్చీ కింద చెయ్యి కడిగిన నీళ్ళతో ఎదురుచూస్తూ ఉంటుంది. సిమెంటు ఫ్యాక్టరీలో ఆఫీసరు, చదువుకున్నవాడు, చర్చిలో కుటుంబ జీవితం మీద ప్రసంగాలు కూడా చేస్తాడు. “పొద్దస్తమానం వంట పాఠాలే చెప్తావ్, ఇంట్లో కాస్త చారు పెట్టడానికి ఏడుపేంటి?” అంటాడు. అత్తగారు ఆరోగ్యమ్మ మరీను. “వంట చెప్తే జీతం కూడా ఇస్తారా తల్లీ? మేం జన్మంతా ఊరికే చేశాం,” అంటుంది. వెటకారమే, కాదనడానికి లేదు. కానీ ఆ ముసలావిడ బతుకంతా ఆ ఒక్క మాటలో ఉందని గుర్తొచ్చినప్పుడల్లా జయమణికి ఒళ్ళు మండిపోతుంది. ఎన్నాళ్ళీ ఊడిగం? ఇప్పుడు తను జీతం తీసుకుని మరీ ఆడపిల్లలకు అదే నేర్పుతోందా?

“అన్నట్టు మేడమ్, లీడర్‌షిప్ మార్కులు నవీన్‌బాబుకి వేసెయ్యండి. బాగా మాట్లాడాడు. ఆ పిల్లకి వంటలో వేద్దాం. ఇద్దరూ సంతోషిస్తారు,” అన్నాడు ప్రిన్సిపాల్ పళ్ళు కుట్టుకుంటూ.

పక్కనే ఉన్న యశస్విని విన్నది. ముఖం మాడిపోయింది. వంగి ఎంగిలి ప్లేట్లు ఒకదాంట్లో ఒకటి పెట్టడం మొదలుపెట్టింది. ఆ వంగడం చూసి జయమణికి అన్నిటికన్నా ఎక్కువ అసహ్యం వేసింది. పిల్ల మీద కాదు, ఆ వంగడం తనే నేర్పినట్టనిపించి.

“యశస్వినీ, కింద పెట్టు. ముట్టుకున్నావంటే మార్కులు తీసేస్తా.”

పిల్ల బిత్తరపోయింది. “మరి ఇవన్నీ ఎవరు కడుగుతారు మేడమ్?”

“నన్నడుగుతావేంటి? లీడర్‌వి నువ్వు. మగపిల్లలకి పరీక్ష ఇంకా మొదలే కాలేదు. ఎవరేం చెయ్యాలో నువ్వే చెప్పు.”

“మేడమ్, ఏంటండీ ఇది!” ప్రిన్సిపాల్ గయ్యిమన్నాడు.

“ప్రాక్టికలండి. మార్కులు వేసేది నేనే,” అంది జయమణి. 

 యశస్విని చున్నీకి చేతులు తుడుచుకుని హాలు వైపు తిరిగింది. “నవీన్, మీవాళ్ళని తీసుకుని కుళాయి దగ్గరికి రా. గిన్నెలు మీవి. ప్లేట్లు ఎవరివి వాళ్ళే.”

ఎవరూ కదల్లేదు. అందరూ ప్రిన్సిపాల్‌నే చూస్తున్నారు. అప్పుడా పిల్ల కూడా ఆయన్నే చూసింది.

“సార్, ముందు మీరు లేస్తే వాళ్ళు లేస్తారండి. మీ ప్లేటు తీసుకోండి.”