ఓడినవాళ్లు తోమే కప్పు

నేను ఒక రోలింగ్ కప్పును. ఒకచోట కుదురుగా కూర్చోకపోవడమే నా ఉద్యోగం. మూరెడు ఎత్తు, ఇత్తడి ఒళ్లు, ఆపైన ఒకప్పటి వెండి పూత, అటూ ఇటూ ఏనుగు చెవుల్లాంటి రెండు పిడులు. పూత ఎప్పుడో పోయింది గానీ చెవులు మాత్రం భేషుగ్గా పనిచేస్తాయి. హైదరాబాదు కాలేజీ పిల్లలు ఏళ్ల తరబడి తెలుగులో వాదించుకున్న మాటలన్నీ వాటితోనే విన్నాను. మనుషులు వేదిక మీద ఎలా కత్తులు దూసుకుంటారో, దిగగానే ఒకే సమోసాను ఎలా తుంచుకుని తింటారో నన్నడగండి, చెబుతాను.

బేగంబజారులో ఒక ఇత్తడి దుకాణం వెనక గదిలో నన్ను కొట్టి, సాగదీసి, మెరుగుపెట్టారు. కొన్నది పరాంకుశం మాస్టారు. రిటైరైన తెలుగు లెక్చరరు. పట్నంలోని కాలేజీలన్నీ ఏడాదికొకసారి ఒక వేదికెక్కి తెలుగులో వాదించుకోవాలని ఆయన ముచ్చట. ముచ్చటతో పాటు షరతులూ పెట్టారు. గెలిచిన జట్టు నాలో చాయ్ పోసుకుని అందరితో కలిసి తాగాలి. చివరి పోటీలో ఓడిన జట్టు మరుసటి ఏడాది నన్ను తీసుకెళ్లి చింతపండు పెట్టి తోమి తేవాలి. "గెలిచినవాడు ఎటూ మెరుస్తాడు, ఓడినవాడి చేతికి కూడా కాస్త మెరుపు అంటాలయ్యా" అనేవారు. ఇక వరసగా మూడేళ్లు గెలిచిన కాలేజీకి నేను శాశ్వతంగా సొంతం, అంతటితో పోటీ సమాప్తం. అంత పని ఎవరివల్లా కాదని పెద్దాయన ధీమా. మంచివాళ్ల లెక్కలు ఇలాగే ఉంటాయి.

ఆయన పోయాక చాలా ఏళ్లు నా బతుకు మూడు పూవులు ఆరు కాయలుగా సాగింది. ఒక ఏడు అమ్మాయిల కాలేజీ, మరో ఏడు సర్కారు కాలేజీ. ఒకచోట నన్ను లైబ్రరీ బీరువా మీద పెట్టారు, ఇంకోచోట ప్రిన్సిపాలు గారు నాలో గొడుగు నిలబెట్టుకున్నారు. నేనేమీ అనుకోలేదు. ఎక్కడైనా ఏడాదే కదా!

అప్పుడు దిగింది నవ్యశిఖర కాలేజీ. కొండ మీద అద్దాల మేడ, పిల్లలకు వాదన నేర్పడానికి ప్రత్యేకంగా ఒక శిక్షకుడు. వరసగా రెండేళ్లు గెలిచారు. బాగానే వాదించారు, కాదనను. కానీ నాలో చాయ్ పొయ్యలేదు, మరక పడుతుందట. అద్దాల అలమారాలో పెట్టి, కింద దీపం వేసి, తాళం బిగించారు. వచ్చేపోయేవాళ్లు నన్ను చూసి జుట్టు సరిచేసుకునేవారు. ఇంకొక్క గెలుపు గెలిస్తే నా జన్మంతా అందులోనే.

రెండో ఏడు వాళ్ల చేతిలో ఓడింది చిక్కడపల్లి సందుల్లోని ఒక ఈవినింగ్ కాలేజీ. పగలు పనులు, సాయంత్రం పాఠాలు. ఆ జట్టులో ఇద్దరే: కోఠీలో చీరలకు జాకెట్ గుడ్డలు కలిపే మ్యాచింగ్ సెంటరులో పనిచేసే స్వరూప, గడియారాలు బాగుచేసే ఖలీల్. షరతు ప్రకారం మూడో ఏడు పోటీకి వారం ముందు నన్ను తోమడానికి వాళ్లే వచ్చారు. అలమారా తాళం తెరుచుకోగానే స్వరూప నన్ను తన చున్నీలో చుట్టి, చంటిపిల్లలా చంకనేసుకుని సిటీ బస్సెక్కింది. ఏడాది తరవాత గాలి! కండక్టరు అరుపులు, మల్లెపూలు, డీజిల్ వాసన. నా ఒంట్లో ఇత్తడంతా గలగలలాడింది.

కాలేజీ క్యాంటీన్ వెనక కుళాయి దగ్గర ఇద్దరూ కూర్చుని చింతపండు నానేశారు. ఆ ఏడు విషయం ముందే ప్రకటించారు: 'పట్నంలో చదువు కాలేజీలో కన్నా బజారులోనే ఎక్కువ దొరుకుతుంది.' ఎవరు అనుకూలమో ఎవరు ప్రతికూలమో వేదికెక్కే ముందు చీటీ తీస్తేగాని తెలియదు. అందుకని రెండు వైపులా సిద్ధం కావాలి.

"ఇయ్యాల నువ్వు కాలేజీ దిక్కు మాట్లాడు భాయ్, నేను బజారు దిక్కు. రేపు ఉల్టా" అంది స్వరూప, నా చెవి రుద్దుతూ.

"నీకు బజారే మంచిగ వస్తది" అన్నాడు ఖలీల్.

"వస్తది గని, చీటీల ఏమొస్తదో ఎవనికి ఎరుక? ఈసారి గన వాళ్లు గెలిస్తే ఇది అద్దాల పెట్టెలనే ఉంటది. పోటీ బంద్. మళ్ల మన అసుంటోళ్లని పిలిచి మైకు ఇచ్చేది ఎవరు?"

ఆమెకు కావలసింది అదీ. రోజంతా "ఈ గులాబీ కాదమ్మా, ఆ గులాబీ చూపించు" అనే మాటలకు తలూపే మనిషి, ఏడాదికి ఒక్కసారి నిండు సభలో తన మాట తాను చెప్పుకుంటుంది. ఆ ఒక్కసారీ నాతో పాటే అలమారాలోకి పోతుంది. ఇది విన్నాక నేను తటస్థుడిగా ఉండటం మానేశాను. పైకి మాత్రం కప్పులాగే కూర్చున్నాను.

పోటీ రోజు నారాయణగూడలోని హాలు కిటకిటలాడింది. తళతళలాడుతూ నేను బల్ల మీద. చివరి పోటీకి మళ్లీ ఆ రెండు కాలేజీలే మిగిలాయి. నవ్యశిఖర తరఫున విక్రాంత్ అనే కుర్రాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో కార్డుల కట్ట. చీటీ తీస్తే స్వరూపకు ప్రతికూలం వచ్చింది. అంటే కాలేజీ వైపు వాదించాలి. మొదట మాట్లాడవలసింది కూడా ఆమే.

మైకు ముందు నిలబడింది. గొంతు సవరించుకుంది. నోరు తెరిచి, గంగా ప్రవాహంలా మొదలుపెట్టింది.

"సభకు నమస్కారం. నేను కోఠీలో బట్టల దుకాణంలో పనిచేస్తాను. ఎరుపులో ఎన్ని ఎరుపులున్నాయో నాకు ఏ కాలేజీ చెప్పలేదు, బజారు చెప్పింది. మనిషి మొహం చూసి మనసు చదవడం ఏ పుస్తకమూ నేర్పలేదు, బజారు నేర్పింది..."

ఓరి దేవుడా! పొద్దున బస్సులో సాధన చేసిన వైపది. అలవాటైన నోరు అలవాటైన దారినే పోయింది. ఖలీల్ తల పట్టుకున్నాడు. విక్రాంత్ రాసుకోవడం ఆపి వెనక్కి వాలాడు. ఇద్దరు న్యాయనిర్ణేతలు చెవులు కొరుక్కున్నారు. అన్న మాటను వెనక్కి తీసుకోకూడదన్నది మా పోటీ నియమం. నాకు చేతులుంటే ఆ పిల్ల నోరు మూసేవాణ్ణే.

స్వరూపకు ఖలీల్ మొహం కనిపించింది. ఆగింది. ఆమె చూపు తిరిగి తిరిగి నా మీద పడింది. వారం పాటు చింతపండుతో నన్ను తోమిన ఆమె వేలికొసలకు ఇత్తడి నలుపు ఇంకా వదల్లేదు.

"ఇంత నేర్పిన బజారును వదిలి, రోజూ సాయంత్రం కిక్కిరిసిన బస్సెక్కి నేను కాలేజీకి ఎందుకు పోతున్నాను?" అంది నెమ్మదిగా. "ఒకరోజు మా సేటును అడిగాను, ఎర్ర రంగు ఎండకు ఎందుకు వెలిసిపోతుందని. 'వెలవకముందే అమ్మెయ్' అన్నాడు. తప్పు లేదు, ఆయనది వ్యాపారం. అదే ప్రశ్న సాయంత్రం క్లాసులో అడిగితే, మా సారు చెప్పే పాఠం ఆపి బోర్డు తుడిచారు. బజారులో ప్రశ్న అడిగితే పని ఆగిపోతుంది. తరగతిలో ప్రశ్న అడిగితేనే పని మొదలవుతుంది. బజారు గొప్పదే. అయినా అది నాకు అమ్మడమే నేర్పింది, అడగడం నేర్పలేదు."

చప్పట్లకు బల్ల అదిరి నేను గంతులేశాను. పాపం విక్రాంత్! లేచి కార్డులు తిరగేస్తే, బజారు గొప్పతనం మీద అతను రాసుకున్న మాటలన్నీ స్వరూప ముందే చెప్పేసి, అక్కర్లేదని పక్కన పెట్టేసింది. అయినా చేతనైనంత పోరాడాడు. ఖలీల్ తన వంతు వచ్చినప్పుడు ముక్కుసూటిగా నాలుగు మాటలు చెప్పి ముగించాడు. ఫలితం చదువుతుంటే నాకేమీ వినపడలేదు. స్వరూప చేతులు నన్ను పైకెత్తాకే గెలిచారని తెలిసింది.

అందరూ ఇక చాయ్ కోసం చూస్తుంటే ఆమె మైకు వదల్లేదు.

"అధ్యక్షురాలు గారూ, ఒక మనవి. మూడుసార్లు గెలిస్తే కప్పు సొంతమనే షరతు తీసేయండి."

"ఇప్పుడు దానితో మీకేం ఇబ్బందమ్మా? కప్పు మీ దగ్గరికే వచ్చిందిగా" అన్నారు పోటీ కమిటీ అధ్యక్షురాలు, కళ్లజోడు సవరించుకుంటూ.

"అందుకే మేడమ్. ఒక్కసారే గెలిచాం కాబట్టి అడగగలుగుతున్నాను. రెండోసారి గెలిచాక నాకూ ఆశ పుడుతుంది. అప్పుడు నోరు పెగలదు."

అధ్యక్షురాలు విక్రాంత్ వైపు చూశారు. అతను కార్డుల కట్టను జేబులో పెట్టుకున్నాడు. "మాకు బాధగానే ఉంది మేడమ్. కానీ ఈసారి తోమాల్సింది మేమే కదా. పోటీ ఉంటేనే మళ్లీ తెచ్చుకోగలం" అన్నాడు. షరతు పోయింది. నాలో చాయ్ పడింది. మొదటి గుక్క తాగి ఖలీల్ "చింతపండు వాసనొస్తుంది" అన్నాడు, అయినా కప్పు దించలేదు.

ఆ తరవాత నేను తిరగని కాలేజీ లేదు. ఒక చెవి ఊడితే మాటు పెట్టించారు. పొట్ట మీద సొట్టలకు లెక్కలేదు. స్వరూప చదువుకుని, చదువుకుని, చివరికి ఆ ఈవినింగ్ కాలేజీలోనే లెక్చరరైంది. ఆమె తయారుచేసిన పిల్లలు నిరుడు గెలిచారు, అంతకు ముందేడూ గెలిచారు. నిన్న మళ్లీ గెలిచారు. వరసగా మూడోసారి!

నిన్న సాయంత్రం అదే క్యాంటీన్‌లో చాయ్ అందరినీ చుట్టి వచ్చాక, జట్టులోని అమ్మాయి ఒకతి అడిగింది. "మేడమ్, మూడుసార్లు గెలిచినం గదా. ఇగ మన దగ్గరనే ఉంచుకుంటే ఏమైతది?"

స్వరూప నన్ను రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఆ పట్టు బిగిసింది. అంత బిగువు నేను కొండ మీది అలమారాలో కూడా ఎరగను.

"ఉంచుకోవాలనే ఉంది బిడ్డా" అంది చివరికి. "అందుకే అప్పుడే అడిగి పెట్టుకున్న."

నన్ను బల్ల మీద పెట్టి, గ్లాసులు కడగడానికి వెళ్లింది. వచ్చే ఏడు నన్ను తోమేది అమ్మాయిల కాలేజీ. వాళ్లు నిన్న ఓడిపోతూ కూడా ఎంత బాగా వాదించారనుకున్నారు! వాళ్లు చింతపండు ఎప్పుడు నానేస్తారా అని నాకిప్పుడే ఆత్రంగా ఉంది.