తిరగేసిన లెన్సు

"వంటింట్లో ఫ్యానెందుకు ఆపావ్? ఉడికిపోతావ్!" అన్నాడు భర్త హాల్లోంచి. ప్రేమ కారిపోయి కాదు లెండి. ఉక్కకి ఆమె చెయ్యి నెమ్మదిస్తే తన టిఫిను ఆలస్యమవుతుందని. ఆదివారం, పొద్దున తొమ్మిదైంది. చేతులు గిన్నెలు తోముతున్నాయి గానీ, ఆమె కళ్ళు మాత్రం కిటికీలోని నిమ్మమొక్కనే అంటిపెట్టుకుని ఉన్నాయి. గాలికి ఆకు రవ్వంత కదిలినా ఫొటో అలికినట్టైపోతుంది. అందుకే ఫ్యాను ఆపింది.

ఆ ఆకు అడుగున పద్నాలుగు పురుగు గుడ్లున్నాయి. ఒక్కోటీ ఆవగింజలో సగం ఉండదు. మరిది పారెయ్యబోయిన పాత కెమెరా అడిగి తీసుకుని, దాని లెన్సుని తిరగేసి, సీసా మూతకి చిల్లి చేసి మధ్యలో పెట్టి, నల్ల టేపుతో కెమెరాకి బిగించుకుంది. అలా తిరగేస్తే చాలు, అంత చిన్నదీ గుప్పెడంత కనిపిస్తుంది. ఖాళీ పాల ప్యాకెట్టు కడిగి ఎండకి అడ్డం కట్టింది. కొన్నది టేపొక్కటే.

అందులోంచి చూస్తే ఒక్కో గుడ్డూ మూతపెట్టిన పిడత. ఐదు రోజులుగా ఆఫీసుకి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి చూసుకుంటోంది. ఇవాళ మూతల కింద ఎర్రటి కళ్ళు కనబడ్డాయి. ఇంక ఏ నిమిషానైనా మూతలు లేస్తాయి. ఆ లేవడం ఫొటో తియ్యాలి. ఏదైనా కావాలనిపించి ఆమెకి ఎన్నేళ్ళైందో! ఆఫీసులో పై అధికారి "రిపోర్టు బ్రహ్మాండంగా రాశారమ్మా, కింద నా పేరు పెట్టేస్తున్నా" అంటే తలూపుతుంది. "పురుగుల్ని చూస్తూ కూర్చునే కోడలు నాకే దొరకాలా" అని అత్తగారంటే ఊరుకుంటుంది. "నీకేం, హాయిగా ఉన్నావ్" అని భర్తంటే అదీ వింటుంది. మొదట్లో గుచ్చుకునేవి. ఇప్పుడు పన్ను పీకడానికి ఇంజెక్షన్ ఇచ్చిన దవడలా ఉంది లోపలంతా. కొరికినా తెలీదు.

హాల్లో ఇద్దరికీ టిఫిను పెట్టి, అత్తగారికి మందులిచ్చి, మంచినీళ్ళిచ్చి వచ్చేసరికి భర్త వంటింట్లో ఉన్నాడు, కెమెరా పట్టుకుని. టేపు ఉండ చుట్టి సింకులో పడేశాడు.

"లెన్సు తిరగేసి బిగించావేమిటే తల్లీ! ఇన్నాళ్ళూ ఇలాగే తీస్తున్నావా? సరిచేసి పెట్టాను" అని పడీపడీ నవ్వాడు.

మిషన్లు బాగుచేసే ఇంజనీరు మరి. పెళ్ళాం చేతిలో ఉన్న వస్తువంటే తప్పుగానే ఉండి తీరాలి ఆయనకి. మేలు చేశాననే అనుకున్నాడు పాపం.

ఆమె కెమెరా తీసుకుని ఆకు దగ్గర పెట్టింది. అంతా పచ్చటి మసక. కళ్ళు చికిలించి ఆకు వంక చూసింది. ఒక చుక్క పక్కకి జరిగింది. మొదటిది బయటికొచ్చేసింది.

"అది తిరగేసే పెట్టాలి" అంది.

"ఎవరు చెప్పారు?"

"నేనే చెప్తున్నా."

"సర్లే, కాఫీ పెట్టు. అమ్మక్కూడా."

కోపం రావాలి. రాలేదు. ఏడుపూ రాలేదు. చేతులు అలవాటు కొద్దీ పాలగిన్నె అందుకుని, పొయ్యిదాకా తీసుకెళ్ళి, అక్కడ ఆగాయి. ఇంకా పదమూడున్నాయి కదా అనుకుంది. పొయ్యి వెలిగించకుండానే గిన్నె పక్కన పెట్టింది.

"ఒక్కసారి బయటికెళ్ళండి" అంది.

"నేల తుడుస్తావా?" అంటూ ఆయన పాదాలెత్తి జాగ్రత్తగా గడప దాటాడు.

ఆమె తలుపు వేసింది. లెన్సు ఊడదీసి మళ్ళీ తిరగేసింది. టేపు లేదు, ఎడంచేత్తోనే అదిమి పట్టుకుంది. ఊపిరి బిగబట్టింది. వెంట్రుకంత ముందుకి, వెంట్రుకంత వెనక్కి. మసకలోంచి ఒక మూత తేలి, అంచు మీద లేచింది. నొక్కింది. మళ్ళీ నొక్కింది.

"అమ్మాయీ, కాఫీ ఏదీ?" అత్తగారి గొంతు.

భర్త తలుపు తోశాడు. తెరుచుకోలేదు. గట్టిగా తోశాడు. వంటింటికి లోపల్నించి గడియ ఉందని పన్నెండేళ్ళకి ఇవాళే తెలిసింది వాళ్ళకి.