సైబీరియా కొంగల జంట

నైట్ షిఫ్ట్ చేసొచ్చిన మొగుడు పడుకున్నాడంటే స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో కుక్కర్ కూయకూడదు. అందుకే రోజారమణి గిన్నెలో అన్నం వండి గంజి వారుస్తోంది. ఇంతలో ఫోన్ మోగింది. రెండో మోత రాకుండా పరుగెత్తి ఎత్తింది.

"నువ్వు రావటగా! పాపకి జొరమని మీ ఆయన నిన్న ప్రొఫెసర్‌గారికి ఫోన్ చేశాట్ట. నీ బదులు ఇంకొకళ్ళని పంపుతారట," అంది సుధారాణి. యూనివర్సిటీలో ఇద్దరూ కలిసే పక్షుల మీద పరిశోధన చేస్తున్నారు. "మధ్యాహ్నమే రైలు. వస్తన్నావా, నేదా?"

పాప వరండాలో గెంతుతోంది. నిక్షేపంలా ఉంది. రోజారమణికి ఒళ్ళు మండిపోయింది.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల మడుగులకి వెళ్తానని ఎన్నాళ్ళుగానో అడుగుతోంది. ఓసారి ఆడపడుచు పురుడు, ఓసారి అత్తగారి కంటి ఆపరేషన్. ఈమె ఇంటిపని తెమిలేదాకా సైబీరియా కొంగలు ఆగుతాయా? ఆ ఏడు, 2001లో, అక్కడ దిగింది ఒక్క జంటే. చలికాలమంతా తుంగదుంపలు తవ్వుకుతిని వెళ్ళిపోతాయి. తల్లిదండ్రుల వెంట ఎగిరితేగాని పిల్లకి దారి తెలియదు. ఈ జంటా పోతే అంత దూరం నుంచి ఇక్కడికి దారి తెలిసిన పక్షే ఉండదు. ఆడా మగా వంతులేసుకుని పొదుగుతాయని పెళ్ళయిన కొత్తలో మురిపెంగా చెప్తే అర్జునరావు పగలబడి నవ్వాడు. "అయితే మగకొంగకి ఉజ్జోగం నేదన్నమాట!" అత్త చిలకమ్మది ఇప్పటికీ ఒకటే పాట: "కొంగల కోసం అంత దూరమేటమ్మా? మన గెడ్డ ఒడ్డున నేవేటి?" అవి వేరే కొంగలని చెప్పీ చెప్పీ ఈమెకి నోరు నొప్పెట్టింది.

"వస్తన్నాను, స్టేషన్‌లో ఉండు," అని ఫోన్ పెట్టేసింది. గదిలోకెళ్ళి కర్టెన్ లాగింది. ఎండ మొహాన పడి అర్జునరావు ఉలిక్కిపడి లేచాడు.

"పాపకి జొరమని చెప్పారా?"

"సెప్పాను. లేపోతే నువ్వాగుతావేటి?" అతను గొంతు పెంచాడు. "నువ్వెల్లిపోతే ఇల్లెవుడు సూస్తాడు? మా కాడ తరవాతి షిఫ్టు రిలీవరు రాందే ఎవుడూ డ్యూటీ దిగడు, తెల్సా? డబల్ డ్యూటీ అయినా సెయ్యాల్సిందే!"

తెలియకేం? డబల్ డ్యూటీ చేసొచ్చిన రోజుల్లో అతనికి వేన్నీళ్ళు కాచింది, కాళ్ళు పట్టింది. తన రిలీవరెవరని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. సిగ్గుచేటు, తనూ అడగలేదు.

వరండాలోంచి పాపని ఎత్తుకొచ్చి అతని ఒళ్ళో కూర్చోబెట్టింది.

"మీరు లేచారుగా," అంది ముందే సర్దుకున్న బ్యాగు భుజానికి తగిలించుకుంటూ. "నాను డ్యూటీ దిగుతన్నాను."