సబ్బుపెట్టె కెమెరా

రిఫరీ గుడ్డివాడని తెమిర్కుల్ కొచ్కోర్ ఊరంతా చాటాడు. గుర్రాల మీద ఆడే మేక ఆటలో తాను చచ్చిన మేకను గురి చూసి, గోలుగా కట్టిన గుండ్రటి తొట్టి కజాన్‌లో పడేస్తే, ఆ గోలును ఈల ఊది రద్దు చేశాడట. గెలవాల్సిన జట్టు ఓడిపోయింది. గెలిచిన పై ఊరివాళ్లు తెమిర్కుల్ వాకిలి ముందు నుంచే గుర్రాల మీద ఊరేగారు.

"ఈసారి ఆటంతా వీడియో తీయిస్తా. ఆ గుడ్డాడి మొహాన కొడతా!" అన్నాడు.

"తీసేదెవరు? నీ గుర్రమా?" అంది భార్య జూరాకాన్.

జట్టులో అందరూ గుర్రాలెక్కేవాళ్లే. నేల మీద మిగిలేది ఆమె ఒక్కతే. ఫోనులో తీస్తే గుర్రాలు చీమల్లా కనిపిస్తాయి, మేక అసలు కనిపించదు. అందుకని ఇద్దరూ వ్యాను ఎక్కి బిష్కెక్‌లో కెమెరాల కొట్టుకు వెళ్లారు.

కొట్టు యజమాని ఎర్మెక్ బట్టతల తడుముకుంటూ ఫిరంగి లాంటి కెమెరాను ముందు పెట్టాడు. తెమిర్కుల్ కళ్లు మెరిశాయి.

"దీన్ని చూస్తేనే రిఫరీకి చెమటలు పడతాయి!"

జూరాకాన్ దాన్ని ఎత్తి, వెంటనే దించేసింది. "మోయడానికి ఇంకో గుర్రం కావాలి."

"లెన్సు మార్చుకోవచ్చక్కా. వెలుతురు, ఫోకస్, అన్నీ మీ చేతిలోనే ఉంటాయి."

"నా చేతిలో పెట్టకు నాయనా. అన్నీ అదే చూసుకునేది చూపించు."

ఎర్మెక్ నిట్టూర్చి, అరచేతిలో పట్టే కెమెరా ఒకటి తీశాడు. పక్కకు తెరుచుకునే తెర, దూరాన్ని దగ్గరకు లాగే మీట, ఒక ఎర్ర బటను. జూరాకాన్ సంచిలోంచి ఉన్ని చేతితొడుగులు తీసి తొడుక్కుంది. బటను నొక్కింది. పని చేసింది. తర్వాత తీస్తూనే కొట్టులో అటూ ఇటూ పరుగెత్తి, ఆగి, తెర చూసింది. బొమ్మ పెద్దగా ఊగలేదు.

"చలికి బ్యాటరీ ఆగుతుందా?"

"తొందరగా చస్తుందక్కా. ఇంకోటి కోటు లోపల వెచ్చగా పెట్టుకోండి."

అబద్ధం చెప్పలేదని ఆమెకు ముచ్చటేసింది. తెమిర్కుల్‌కు మాత్రం తల కొట్టేసినట్టయింది. "సబ్బుపెట్టెలా ఉందే! ఇది పట్టుకుని మైదానానికొస్తే నా పరువేంగాను?"

"నీ పరువు నీ గుర్రం మీద పెట్టుకో. నా చేతిలో ఇదే ఉంటుంది."

ఇంటికొచ్చాక ఆమె గొర్రెల్ని తీసింది, కుక్కను తీసింది, పిండి పిసుకుతున్న అత్తగారిని తీసింది. ముసలావిడ తెర చూసి, "నా ముక్కు ఇంతుందా? ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేం?" అని పోట్లాట పెట్టుకుంది.

మళ్లీ పై ఊరితో పోటీ రోజున జూరాకాన్ కంచె దగ్గర నిలబడి తీసింది. ఆట చివర్లో తెమిర్కుల్ గుంపులోంచి దూసుకొచ్చి మేకను విసిరాడు. అప్పుడే తెర మీద ఆమెకు ఒకటి కనిపించింది. బటను నొక్కి ఆపేద్దామా అనుకుంది. కాని మేక గాల్లో ఉంది, ఆపబుద్ధి కాలేదు. మేక కజాన్‌లో పడింది. అదే రిఫరీ, సగినాలీ, ఈల ఊది, చెల్లదన్నాడు.

తెమిర్కుల్ గుర్రం మీంచి దూకి పరుగెత్తుకొచ్చాడు. "తీశావా?"

"తీశాను. కాని ముందు మనమిద్దరం..."

"ముందూ లేదు, వెనకా లేదు. అందరూ చూడాలి!"

రెండు జట్లనీ, రిఫరీనీ పక్కనున్న టీకొట్టులో టీవీ ముందు కూర్చోబెట్టాడు. బొమ్మ కంటే ముందు జూరాకాన్ గొంతు మోగింది: "తొక్కెయ్ వాణ్ణి! ఓరి సోంబేరీ, ఎక్కింది గుర్రమా, నులకమంచమా? తెమిర్కుల్, మేకను పట్టుకోవయ్యా, పొట్టను కాదు!" జనం పడీపడీ నవ్వారు.

తర్వాత ఆ గోలు వచ్చింది. మేకను విసిరే ముందు తెమిర్కుల్ ఎడమ చెయ్యి పై ఊరివాడి గుర్రం కళ్లేన్ని గట్టిగా పట్టి లాగుతోంది. వేళ్లతో సహా కనిపిస్తోంది. ఎదుటివాడి కళ్లెం పట్టడం ఆటలో తప్పు.

"ఆపమ్మా," అన్నాడు సగినాలీ. "తెమిర్కుల్, అది కళ్లెమేనా, మీ ఆవిడ జడా?"

తెమిర్కుల్ మొహం ఎర్రబడింది. "కెమెరా మంచిది కాదు. పెద్దది కొందామని నేను ముందే చెప్పాను!"

"పెద్దది కొనుంటే నీ చెయ్యి ఇంకా పెద్దగా కనపడేది," అంది జూరాకాన్.

తెమిర్కుల్ అలిగి, ఇంట్లో గోడవైపు తిరిగి తినడం మొదలుపెట్టాడు. కెమెరా అమ్మెయ్యమన్నాడు. జూరాకాన్ చెవిన వేసుకోలేదు. ఇంతలో పై ఊరి జట్టు నాయకుడు కల్మాత్ వాకిట్లోకి వచ్చాడు.

"వదినా, వచ్చే ఆట మాకు తీసిపెట్టాలి. తిట్లు మాత్రం తగ్గించొద్దు. మా ఆడవాళ్లు అవే మళ్లీ మళ్లీ వింటున్నారు."

గోడవైపు తిరిగినవాడు చటుక్కున ఇటు తిరిగాడు. "అదెలా? ముందు మా జట్టుకే తియ్యాలి!"

"తీస్తాలే. తిట్లు లేకుండానా?"

తెమిర్కుల్ గడ్డం గోక్కున్నాడు. "ఉండనీ. కాని వాళ్లనే తిట్టు."

"ఎవడు తప్పు చేస్తే వాణ్ణి," అంటూ ఆమె కల్మాత్‌కు టీ పోసింది.