ఒడ్డు కడిగే పని

ఆ ఓడ వంటవాడు సెలవుకొచ్చినప్పుడల్లా కోతలు కోసేవాడు. తమ చమురు ట్యాంకర్ ఎంత పొడుగంటే, ముందు కొసన వానకు తడిసినవాడు వెనక కొసకు నడిచేసరికి ఎండకు ఆరిపోతాడట. అది మునగాలంటే సముద్రం ఇంకాస్త లోతు తవ్వుకోవాలట. పెళ్ళాం పడీపడీ నవ్వేది. తల్లి మాత్రం, "వీడి నోటికి గడియ పెట్టించాల్సిందే" అనేది.

తవ్వుకునే శ్రమ సముద్రానికి లేకుండానే, గాలివానకు ఆ ఓడ తీరం దగ్గర్లోనే నడిమికి విరిగి మునిగింది. కొందరిని పడవలు ఎక్కించుకొచ్చాయి. వంటవాడు వాళ్ళలో లేడు.

అత్తాకోడళ్ళు రేవు ఆఫీసుకు పోయారు. చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు, గుమస్తా పొగడ్తలు మొదలెట్టాడు.

"అందరూ రత్నాల్లాంటి మనుషులమ్మా."

"రత్నాలైతే వెతకరేం నాయనా?" అంది అత్త.

"వెతికే పడవల్నే ఓడలోంచి ఒలికిన చమురును ఆపడానికి పంపారమ్మా. చమురు ఆగదు కదా."

"మావాడు ఆగుతాడనా?"

గుమస్తా ఫ్యాను వేగం పెంచాడు.

"మేమే వెతుక్కుంటాం. ఒడ్డుకి పోనివ్వండి" అంది కోడలు.

"కంచె వేసేశారమ్మా. కడిగే కూలీల్ని తప్ప పురుగును కూడా రానివ్వరు."

మర్నాడే కోడలు కూలికి చేరింది. అత్త మండిపడింది. "మొగుణ్ణి మింగిన నూనెకి చాకిరీ చేస్తావే?"

"నూనెకి కాదత్తయ్యా. కంచె దాటాలిగా."

మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతులకు తొడుగులు ఇచ్చారు. తక్కినవాళ్ళు ఇసుక మీది జిడ్డును పారతో ఎత్తి సంచుల్లో నింపుతుంటే, ఈమె నల్లటి ముద్ద కనపడితే చాలు పరుగెత్తేది. తిప్పి, తుడిచి చూసేది. నూనె పూసుకున్నాక కొంగా దుంగా ఒక్కలాగే ఉంటాయి. ఓ ముద్ద కన్ను తెరిచింది. పక్షుల్ని కాపాడేవాళ్ళు పరుగున వచ్చి, దాన్ని తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డలా ఎత్తుకుపోయారు. ఆమె ఖాళీ చేతులతో నిలబడింది.

"ఆవిణ్ణి చూసి నేర్చుకోండి. సముద్రమంటే ఎంత ప్రేమో" అన్నాడు మేస్త్రీ.

పక్కన పార పట్టినామె గొణిగింది. "ఇలా విరగబడి చేశావంటే పని తొందరగా తెమిలిపోద్ది. మా నోట్లో మట్టి కొట్టకే తల్లీ."

ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. నిజమే, ఒడ్డు శుభ్రమైన రోజున తనను బయటికి గెంటేస్తారు. అప్పట్నుంచి తుడిచిన రాయినే మళ్ళీ తుడిచింది. నిండని సంచినే చిన్నగా మోసింది. నత్తకు నడక నేర్పగలిగినంత నెమ్మదిగా నడిచింది. అయినా చేతులు చాలా ఉన్నాయి, ఒడ్డు కడిగిన కంచంలా తేలింది.

"అయిపోయింది, బూట్లు ఇచ్చెయ్యండి" అన్నాడు మేస్త్రీ.

"ఇంకా మురికుంది మేస్త్రీ."

"ఏదీ, చూపించు."

చూపించడానికి చారెడు మరక కూడా లేదు. ఆమె నీళ్ళకేసి చూసింది. "వస్తుంది. ఇంకా కొట్టుకొస్తుంది."

"నీ నోటివెంట మంచిమాటే రాదా?" అని మేస్త్రీ చెయ్యి చాపాడు.

ఆమె తడి ఇసుక మీద కూలబడి ఒక బూటు విప్పింది. ఇవ్వకుండా ఒళ్ళో పెట్టుకుని, అలల మీద నల్లటి చార కోసం కళ్ళు చికిలించింది. మొగుణ్ణి తిన్న ఆ నూనే ఇంకో నాలుగు బిందెలు ఒడ్డున పడాలని లోలోపలే దండం పెట్టుకుంది.

"రెండోది కూడానమ్మా" అన్నాడు మేస్త్రీ.