కాలిన షెడ్లకు కొత్త పేరు

ప్రకటనల ఆఫీసులో ఆవిడని అందరూ పేర్ల పెద్దమ్మ అంటారు. పదహారేళ్లలో ముప్పయ్యేడు గోడౌన్లకూ ఫ్యాక్టరీ షెడ్ల సముదాయాలకూ పేరు పెట్టి, బొమ్మ వేయించి, బ్రోషరు రాసింది. మొదట్లో ఒక్కో పేరుకూ పురిటినొప్పులు పడేది. ఇప్పుడు నొప్పులూ లేవు, బిడ్డ మొహం చూడాలన్న ఆత్రమూ లేదు.

ముప్పయ్యెనిమిదోది కొరకరాని కొయ్య అయింది. ఊరి చివర పన్నెండు షెడ్లు. తొమ్మిదేళ్ల కిందట అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఆవిడ అన్నయ్య అప్పుడు అక్కడే ప్యాకింగులో పనిచేసేవాడు. ఆయన కుడిచేతి వేళ్లు ఇప్పటికీ ముడుచుకునే ఉంటాయి. తర్వాత ఒకాయన ఆ స్థలం కొని, పాతవి పడగొట్టి కొత్తవి కట్టించాడు. అయినా లారీ డ్రైవర్లు మాత్రం “కాలిన షెడ్ల దగ్గరున్నా” అనే ఫోన్లో చెబుతారు.

“జనం నోట్లోంచి ఆ మాట పోవాలి మేడమ్. అంతే,” అన్నాడు యజమాని.

పది పేర్లు పంపింది. ఒకటి ఆస్పత్రిలా ఉందన్నాడు. ఒకటి సబ్బు పేరులా ఉందన్నాడు. చివరికి తనే ‘శుభారంభం’ అని తేల్చాడు. ఆవిడ వాదించలేదు. వాదించే ఓపిక ఎప్పుడో అయిపోయింది.

అన్నావదినలతో కలిసే ఉంటుందావిడ. ఆ సాయంత్రం ఈ సంగతి చెబితే వదిన నవ్వింది. అన్నయ్య నవ్వలేదు.

“వెనక తలుపు ఎటు తెరుచుకుంటుందే ఇప్పుడు?” అన్నాడు.

“ఏ తలుపు అన్నయ్యా?”

“అప్పుడు లోపలికి తెరుచుకునేది. అందరం ఒక్కసారిగా మీదపడేసరికి ఇక రాలేదు. కిటికీ ఊచలు వంచుకుని బయటపడ్డాం. ఊచలు అప్పటికే కాలిపోతున్నాయి.”

తొమ్మిదేళ్లలో ఆయన ఈ మాట చెప్పలేదు. ఆవిడ అడగనూ లేదు.

మర్నాడు షెడ్ల ప్లాను విప్పింది. రెండు నెలలుగా బల్ల మీదే ఉన్నా, పైనున్న రంగుల బొమ్మ తప్ప లోపల చూసిందే లేదు. ఒక్కో షెడ్డుకి నాలుగు తలుపులు, నాలుగూ బయటికే తెరుచుకుంటాయి. ఆ మాట బ్రోషరులో రాసింది. యజమాని కొట్టేశాడు.

“పెళ్లిలో చావు కబురెందుకండీ?”

ఆ వారంలోనే పరుపులు తయారుచేసే కంపెనీ యజమానురాలు షెడ్లు చూడటానికి వచ్చింది. ఫొటోలు తీయించడానికి పేర్ల పెద్దమ్మా వెళ్లింది. వచ్చినామె ‘శుభారంభం’ బోర్డు వంక చూసి, “ఇవి ఆ కాలిన షెడ్లేనా?” అని అడిగింది. సేల్స్ కుర్రాడు యజమాని వైపు చూశాడు. యజమాని గొంతు సవరించుకున్నాడు.

“అవేనండీ,” అంది పేర్ల పెద్దమ్మ. “అప్పుడు తలుపు తెరుచుకోలేదు. ఇప్పుడివి చూడండి.”

యజమాని గుడ్లురిమాడు. వచ్చినామె అదేమీ పట్టించుకోలేదు. దూది, స్పాంజి మధ్య బతికే మనిషి. ఒక్కో తలుపూ భుజంతో తోసుకుంటూ మూడు షెడ్లు తిరిగింది. ఒకటి కాస్త బిగుసుకుంటే, “దీన్ని సరిచేయించండి,” అంది. నాలుగు రోజుల తర్వాత రెండు షెడ్లు అద్దెకు తీసుకుంది.

యజమాని ఫోన్ చేశాడు. “ఆ తలుపుల సంగతి పెట్టండి మేడమ్. చివరి పేజీలో, చిన్నగా.”

“మొదటి పేజీలో పెడతా. వద్దంటే ఇంకెవరి చేతైనా రాయించుకోండి.”

అది ధైర్యమేమీ కాదు. ఇంకో పదిసార్లు దిద్దే శక్తి లేక వచ్చిన మాట.

యజమాని బేరానికి దిగాడు. “రెండో పేజీ,” అన్నాడు.

“సరే,” అంది.

అచ్చయిన బ్రోషరు ఇంటికి తెచ్చింది. అన్నయ్య ఎడమచేత్తో పేజీ తిప్పి, అద్దాలు సర్దుకుని చదివాడు.

“రాయడానికేముందే. ఎవరైనా తోసి చూశారా?”

“ఆ పరుపులావిడ మూడు షెడ్ల తలుపులూ తోసి చూసింది. బిగుసుకున్నదాన్ని నిన్న బాగుచేశారు.”

“అయితే మంచిదే,” అన్నాడు. బ్రోషరు మడవకుండా టీవీ పక్కన పెట్టాడు.

ఆవిడ గోడకి చేరగిలబడి కళ్లు మూసుకుంది. వదిన అన్నానికి రెండుసార్లు పిలిచాక గానీ లేవలేదు.