నల్లబట్ట మీద తెల్లదారం

భోజనాల బెల్లు మోగి అందరూ డబ్బాలు విప్పుకుంటుంటే, సూపర్‌వైజరమ్మ మాత్రం కాలర్లు విప్పుతూ కూర్చుంది. ఒళ్లో నల్లబట్ట, వేళ్ల మధ్య చిన్న బ్లేడు. బట్టల ఫ్యాక్టరీ అంతా కాలర్ల బాబాయ్ అని పిలిచే పెద్దాయన కుట్టినవాటిలో కుట్టు దారి తప్పినవి ఏరి, కుట్లు ఊడదీసి, తన మిషను మీద మళ్లీ కుట్టి, గుట్టుచప్పుడు కాకుండా కట్టలో కలిపేస్తుంది. అన్నం ముద్ద నోట్లోకి పోయేది మధ్యలో చెయ్యి ఖాళీ అయినప్పుడే. నల్ల చొక్కాల ఆర్డరు వచ్చినప్పటి నుంచీ ఇదే వరస.

ఆమెకు మిషను నేర్పిందే ఆయన. "కాలరు మొన దగ్గర సూది బట్టలోనే ఉంచు. బట్టని అదిమే ఫుట్ ఎత్తు, బట్ట తిప్పు. తొందరపడ్డావా, మొన మొద్దుబారిపోతుంది" అని వెనక నిలబడి పోరేవాడు. అలాంటి మనిషితో మీ కళ్లు ఆనడం లేదని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

నిన్న కూతురికి జ్వరమని సెలవు పెట్టింది. ఒక్క రోజు! కాలర్లన్నీ ఉన్నవి ఉన్నట్టు చెకింగ్ బల్ల మీదికి వెళ్లి, సగానికి పైగా వెనక్కి వచ్చాయి. పొద్దున్నే మేనేజరు వాటిని ఆమె ముందు కుమ్మరించాడు.

"ఇవాళే మాట్లాడమ్మా ఆయనతో. ముందు మంచి చెప్పు, తర్వాత తప్పు చెప్పు, చివర్లో దారి చూపించు. ట్రైనింగులో నేర్పారుగా. వారంలో పని బాగుపడకపోతే వేరే మనిషిని పెట్టుకుంటాను."

మంచి, తప్పు, దారి. రోజంతా పాఠం అప్పజెప్పాల్సిన పిల్లలా వల్లిస్తూనే ఉంది. సాయంత్రం లైను ఖాళీ అయ్యాక ఆయన పక్కన స్టూలు లాక్కుంది.

"బాబాయ్, మీ చేతి కాలరంటే ఈ లైను మొత్తానికీ..."

"ఏంటమ్మా ఈ పొగడ్తలు? నాకేమైనా పెళ్లి సంబంధం తెచ్చావా?" అని పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు.

ఆమె నిన్నటి కాలరు ఒకటి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని ముక్కు దాకా తెచ్చుకున్నాడు, దూరం పెట్టాడు, మొన మీద గోటితో తడిమాడు.

"కళ్లజోడు మార్పిద్దాం బాబాయ్. అందాకా మిమ్మల్ని తెల్లబట్ట లైనుకి మార్చమని సారుని అడుగుతా."

"నిన్న ఒక్కరోజేగా ఇలా?"

అవునంటే సరిపోయేది. అబద్ధమాడి ఆడి అలసిపోయింది ఆమె. "రోజూ ఇంతే. నేనే విప్పి కుడుతున్నా."

ఆయన ముఖం పాలిపోయింది. "అందరికీ తెలుసా?"

ఆమె తల ఎత్తలేదు.

"మొన్న పక్క మిషను పిల్లని కేకలేశాను, కుట్టు వంకరని. పాపం, ఒక్క మాట తిరిగి అనలేదు." కాలరు ఒళ్లో పెట్టుకున్నాడు. "నువ్వు నేర్చుకునేటప్పుడు వంకరపోతే నేను విప్పిపెట్టానా అమ్మా? నీ చేతే విప్పించాను. నాకూ అప్పుడే చెప్పి ఉంటే సరిచేసుకునేవాణ్ణి కదా."

"తప్పయిపోయింది బాబాయ్."

ఆయన మిషనుకి తెల్లదారం ఉండ తగిలించాడు. దారం సూదిలోకి ఎక్కడం లేదు. సాయానికని చాచిన చెయ్యిని ఆమె మధ్యలోనే వెనక్కి తీసుకుంది. ఎట్టకేలకు ఎక్కింది. నల్లకాలరు పెట్టి నెమ్మదిగా తొక్కాడు. మొన దగ్గర ఆగి, వచ్చిన దారంతా చూసుకున్నాడు.

"ఇంత ఘోరమా" అన్నాడు మెల్లగా.

లేచి డబ్బా తీసుకున్నాడు. "రేపు పొద్దున్నే కళ్లజోడు షాపుకి వెళ్దాం, నేనూ వస్తా, రండి బాబాయ్" అని ఆమె గుమ్మం దాకా బతిమాలుతూనే వెళ్లింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. వారం తిరిగేసరికి కొత్తమనిషి వచ్చి, కూర్చోబోతూ ఆమె వైపు చూశాడు. వారమంతా ఆమె ఎవర్నీ ముట్టనివ్వని మిషను మీద నల్లకాలరు అలాగే ఉంది. తెల్లదారం వంకరటింకరగా మొన దాకా వచ్చి ఆగింది, సూది ఇంకా బట్టలోనే ఉంది.